ఆదివారం రాహుకాలం 4.30కా, 5.15కా? గోడ క్యాలెండర్ సమయాలు మన ఊరికి ఎంతవరకు సరిపోతయి

మిర్యాలగూడ_సిరి
అందరికీ నమస్కారం. జూన్ 21 ఆదివారం సాయంత్రం మా ఇంట్ల పూలు పండ్లు (పెళ్లి మాట ఖాయం చేసుకునే వేడుక) పెట్టుకోవాలని అనుకుంటున్నరు. గోడ క్యాలెండర్‌ల ఆదివారం రాహుకాలం సా. 4.30 నుంచి 6.00 అని ఉన్నది. అందుకని 6.10కి మొదలుపెడదామని పెద్దలు అన్నరు. ఫోన్ యాప్ చూస్తే అదే రోజు రాహుకాలం సా. 5.15 నుంచి 6.53 అని చూపెడుతుంది. వర్జ్యం (మంచి పనులకు వదిలెయ్యాల్సిన వేళ) కూడా రెండిట్లో రెండు తీర్లు. తిథి మాత్రం నిమిషాలతో సహా ఒక్కటే. తిథి కలిసి, రాహుకాలం ఎందుకు కలవట్లేదు? తెలిసినవాళ్లు లెక్కతోని చెప్పండి.

లెక్కల_సార్_వనపర్తి
సిరిగారూ, పంచాంగంలో ఉండే సమయాలన్నీ ఒక జాతివి కావు. ముందు ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా సులువు.

తిథి, నక్షత్రం, యోగం, కరణం అనే నాలుగు సూర్యచంద్రుల స్థానాల వల్ల పుడతాయి. చంద్రుడు సూర్యుని దాటి 12 భాగలు (డిగ్రీలు) ముందుకు పోతే ఒక తిథి, అందులో సగం, అంటే 6 భాగలు, ఒక కరణం. చంద్రుడు ఒక్కడే 13 భాగల 20 లిప్తలు (లిప్త అంటే భాగలో 60వ వంతు) నడిస్తే నక్షత్రం. ఇద్దరి స్ఫుటాలు (ఆకాశంలో ఉన్న స్థానాలు, భాగల్లో) కూడితే వచ్చే మొత్తం అంతే పెరిగితే యోగం. ఇవి ముగిసే క్షణం మిర్యాలగూడలోనైనా కాశీలోనైనా ఒక్కటే. అందుకే మీ రెండిట్లో తిథి కలిసింది.

వారం, రాహుకాలం, యమగండం, గుళిక, దుర్ముహూర్తం, అభిజిత్తు, హోర మాత్రం ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టి పుడతాయి. ఊరు మారితే మారతాయి, ఋతువు మారితే ఇంకా ఎక్కువ మారతాయి.

రాహుకాలం లెక్క ఇదీ. ఆ రోజు సూర్యోదయం నుంచి అస్తమయం దాకా నిమిషాలు కట్టి 8తో భాగించాలి. మహబూబ్‌నగర్‌లో జూన్ 21న సూర్యోదయం 5.46, అస్తమయం 6.53. పగలు 787 నిమిషాలు, ఒక భాగం 98 నిమిషాల పైచిలుకు. ఆదివారం రాహుకాలం ఎనిమిదో భాగం, అంటే చివరిది. 6.53 నుంచి 98 నిమిషాలు వెనక్కి పోతే 5.15. మీ యాప్ చూపిన అంకెలు సరిగ్గా ఇవే. కాబట్టి మీ యాప్‌లో ఊరు మహబూబ్‌నగర్ అని పెట్టి ఉన్నది, మిర్యాలగూడ కాదు. సెట్టింగ్‌లో మార్చుకోండి.

క్యాలెండర్‌లోని 4.30–6.00 ఎక్కడిదంటే, ఏడాది పొడుగునా సూర్యుడు 6కు ఉదయించి 6కు అస్తమిస్తాడని అనుకుని వేసిన పట్టిక అది. మార్చి, సెప్టెంబర్ నెలల్లో అరగంట లోపు తేడాతో నడుస్తుంది. జూన్‌లో నడవదు. 6.10 అంటే అసలు రాహుకాలం మధ్యలో కూర్చున్నట్టు.

పానగల్లు_వాసి
సార్ చెప్పిన దానికి చలికాలం లెక్క కూడా కలుపుత. మహబూబ్‌నగర్‌ల డిసెంబర్ 21న సూర్యోదయం 6.42, అస్తమయం 5.50. పగలు 668 నిమిషాలే, భాగం 83 నిమిషాల పైన. సోమవారం రాహుకాలం రెండో భాగం కాబట్టి 8.05 నుంచి 9.29. పట్టికల 7.30–9.00 అని చూసి 9.05కి పని మొదలుపెడితే ఇంకా 24 నిమిషాల రాహుకాలం మిగిలే ఉంటది.

ఊరి తేడా గురించి: రేఖాంశం ఒక భాగ పడమటికి జరిగితే సూర్యోదయం 4 నిమిషాలు ఆలస్యం. నల్లగొండ 79 భాగల 16 లిప్తలు, మహబూబ్‌నగర్ (పాలమూరు) ఇంచుమించు 78, విజయవాడ 80 భాగల 39 లిప్తలు. అంటే నల్లగొండకు పాలమూరుకు 5 నిమిషాలు, విజయవాడకు పాలమూరుకు 10 నిమిషాల పైన. రాజమండ్రి సూర్యోదయం మీద గుణించిన పంచాంగమైతే పాలమూరుకు వచ్చేసరికి పావుగంట తేడా. మన నల్లగొండ, పాలమూరు పాత జిల్లాల లోపల ఊరి తేడా పెద్దది కాదు, 6 నుంచి 6 పట్టికే అసలు తప్పు.

ఇంకొక్కటి: కొన్ని యాప్‌లు సూర్యబింబం పై అంచు కనిపించంగనే ఉదయం అంటయి. పంచాంగకర్తలు బింబం సగం వచ్చినంక లెక్కపెడతరు, గాలి పొరల వంపు కూడా కొందరు తీసుకోరు. దీనివల్ల రెండు మూడు నిమిషాలు అటు ఇటు ఉంటది. దానికి పంచాయితీ పెట్టుకోవద్దు. ఆ అంచుల దగ్గర 5 నిమిషాలు వదిలి పనిచేస్తే చాలు.

దేవరకొండ_గడియ
ఏ వారానికి ఎన్నో భాగమో గుర్తుండట్లేదని చాలామంది అడుగుతరు. రాహుకాలానికి సో, శ, శు, బు, గు, మం, ఆ అని అనుకోండి. సోమవారం 2, శని 3, శుక్ర 4, బుధ 5, గురు 6, మంగళ 7, ఆది 8. మొదటి భాగం ఏ వారానికీ రాహుకాలం కాదు.

యమగండానికి గురువారం 1. అక్కడి నుంచి వారాలు వెనక్కి నడవాలి: బుధ 2, మంగళ 3, సోమ 4, ఆది 5, శని 6, శుక్ర 7. గుళికకు శనివారం 1, అట్లనే వెనక్కి: శుక్ర 2, గురు 3, బుధ 4, మంగళ 5, సోమ 6, ఆది 7. పట్టిక అక్కరలేదు.

దుర్ముహూర్తం వేరే కొలత. పగటిని 8 కాదు, 15 భాగాలు చెయ్యాలి. ఆదివారం 14వ భాగం, సోమవారం 9, 12, మంగళవారం 4, బుధవారం 8, గురువారం 6, 12, శుక్రవారం 4, 9, శనివారం మొదటి రెండు భాగాలు. మంగళవారానికి రాత్రి పూట కూడా ఒకటున్నది, రాత్రిని 15 చేస్తే ఏడోది.

బుధవారం ఎనిమిదో భాగం అంటే సరిగ్గా నడిమింట, అదే అభిజిత్తు. అందుకే బుధవారం అభిజిత్తు పనికిరాదంటరు.

లెక్కల_సార్_వనపర్తి
అభిజిత్తు మాట వచ్చింది కాబట్టి: 11.36 నుంచి 12.24 అని ఏడాదంతా ఒకే సమయం అచ్చేస్తారు, మన దగ్గర అది చాలా నెలలు సరిపోదు. దేశమంతటి గడియారం 82½ భాగల రేఖాంశానిది. మహబూబ్‌నగర్ దానికి నాలుగున్నర భాగలు పడమర, అంటే మన సగటు మధ్యాహ్నం గడియారంలో 12.18కి. సూర్యుని నడకలో హెచ్చుతగ్గుల వల్ల నవంబర్ మొదట్లో అసలు మధ్యాహ్నం 12.02కి, ఫిబ్రవరి రెండో వారంలో 12.32కి వస్తుంది. ఫిబ్రవరిలో పగలు చిన్నది, అభిజిత్తు 46 నిమిషాలే. అది 12.09 నుంచి 12.55. అచ్చులో చూసి 11.40కి కొబ్బరికాయ కొడితే అరగంట ముందే కొట్టినట్టు.

మిర్యాలగూడ_సిరి
చాలా స్పష్టంగా చెప్పిన్రు. వర్జ్యం సంగతి? అది సూర్యోదయానిదా, ఆకాశానిదా?

పాలమూరు_పంచాంగం
వర్జ్యం నక్షత్రానిది, తల్లీ. ఊరును బట్టి మారదు. మీ రెండిట్లో తేడా వచ్చిందంటే ఒకటి దృగ్గణితం (ఆకాశంలో కనబడే స్థానాలతో కట్టే లెక్క), రెండోది పాత సిద్ధాంత పద్ధతి అయి ఉండాలి, లేదా ఒకరు గడియలను (గడియ 24 నిమిషాలు) తప్పుగా మార్చి ఉండాలి. ఈ రెండో తప్పు నేటికీ అచ్చులో కనబడుతుంది.

ప్రతి నక్షత్రానికి త్యాజ్యం, అంటే వర్జ్యం, మొదలయ్యే గడియ ఒకటి చెప్పారు. అశ్వినికి 50, భరణికి 24, కృత్తికకు 30, రోహిణికి 40, మృగశిరకు 14, ఇట్లా 27కూ. అక్కడి నుంచి 4 గడియలు వర్జ్యం. అయితే ఈ గడియలు నక్షత్రం మొత్తం 60 గడియలు ఉంటే చెప్పిన లెక్క. నక్షత్రం అసలు నిడివి ఎంతుంటే దానికి తగ్గట్టు సాగదీయాలి, లేదా కుదించాలి.

రోహిణి సోమవారం ఉ. 8.30కి మొదలై మంగళవారం ఉ. 9.30కి ముగుస్తుందనుకోండి. నిడివి 25 గంటలు, 1500 నిమిషాలు. 60లో 40 వంతు 1000 నిమిషాలు, అంటే 16 గంటల 40 నిమిషాలు. 8.30కి కలిపితే రాత్రి 1.10. వర్జ్యం నిడివి మొత్తంలో 15వ వంతు, 100 నిమిషాలు. కాబట్టి 1.10 నుంచి 2.50. సాగదీయకుండా గడియకు 24 నిమిషాలని గుడ్డిగా గుణిస్తే రాత్రి 12.30 నుంచి 2.06 అని వస్తుంది. 40 నిమిషాలు ముందే మొదలై, అసలు వర్జ్యంలో చివరి 44 నిమిషాలను మంచి సమయంగా చూపిస్తుంది.

అమృత ఘడియలకూ (మంచి వేళకూ) ఇదే పద్ధతి, మొదలయ్యే గడియ మాత్రమే వేరు. కృత్తికకు వర్జ్యం 30, అమృతం 54.

దేవరకొండ_గడియ
పంతులుగారూ, ఇక్కడ అందరూ పడే గుంత ఒకటున్నది. ఆ రోహిణి వర్జ్యం క్యాలెండర్‌ల సోమవారం గడిలనే అచ్చయితది, "రా. 1.10" అని. చూసినవాళ్లు సోమవారం తెల్లారకముందు అనుకుంటరు. కాదు. మన వారం సూర్యోదయంతో మొదలై మరునాటి సూర్యోదయంతో ముగుస్తది. సోమవారం గడిల రా. 1.10 అంటే గడియారం లెక్కల మంగళవారం 1.10. తెల్లవారుజాము ముహూర్తాలకు ఈ పొరపాటు ఎక్కువ. శుభలేఖ మీద "బుధవారం రాత్రి తె. 3.20, తెల్లవారితే గురువారం" అని రెండూ రాస్తే చుట్టాలు ఒక రోజు ముందో వెనకో రారు. "తె." ఒక్కటే రాసి వదిలెయ్యొద్దు.

మన్ననూరు_మల్లన్న
సూర్యోదయానికి ఏ తిథి ఉంటే రోజంతా అదే అని మా దిక్కు అంటరు. మరి 2026 ఉగాది మార్చి 19న ఎట్ల చేసిన్రు? ఆ పొద్దున అమాస ఉన్నది కద?

పాలమూరు_పంచాంగం
మంచి ప్రశ్న. ఆ రోజు అమావాస్య ఉ. 6.52 దాకా ఉంది, మన దగ్గర సూర్యోదయం 6.20 ప్రాంతం. పాడ్యమి 6.52కి మొదలై మరునాడు, 20న, తెల్లవారుజామున 4.52కి ముగిసింది. 20 సూర్యోదయానికి విదియ వచ్చేసింది. అంటే చైత్ర శుద్ధ పాడ్యమి ఏ సూర్యోదయాన్నీ తాకలేదు. దీన్ని క్షయ తిథి అంటారు. ఇటువంటప్పుడు పాడ్యమి ఉన్న ఒకే ఒక్క పగలు 19, అందుకే గురువారమే ఉగాది. వారాధిపతి గురువు కాబట్టి పరాభవ నామ సంవత్సరానికి రాజు గురువయ్యాడు. మేష సంక్రమణం (సూర్యుడు మేషరాశిలోకి మారడం) మంగళవారం, అందుకే మంత్రి కుజుడు.

తిథి సగటున 23 గంటల 37 నిమిషాలు. చంద్రుడు భూమికి దగ్గరగా వచ్చి వేగంగా నడిచినప్పుడు 20 గంటల దాకా తగ్గుతుంది, దూరంగా ఉన్నప్పుడు 26 గంటల 47 నిమిషాల దాకా పెరుగుతుంది. 24 గంటలకు తక్కువైన తిథి రెండు సూర్యోదయాల మధ్య ఇరుక్కుని పోవచ్చు. ఎక్కువైనది రెండు సూర్యోదయాలను తాకి రెండు రోజులు కనబడుతుంది, అది వృద్ధి తిథి.

సూర్యోదయ తిథి నియమం సంకల్పానికి, స్నానదానాలకు. పండుగలకు ఏ వేళ పూజ ఉంటే ఆ వేళకు తిథి కావాలి. శ్రీరామనవమికి, వినాయక చవితికి మధ్యాహ్నం. దీపావళికి ప్రదోషం. శివరాత్రికి నడిరేయి. పితృకార్యాలకు అపరాహ్ణం, అంటే పగటిని ఐదు చేస్తే నాలుగో భాగం. తద్దినం తేదీలో ఇంటింటికీ వచ్చే గొడవ ఇదే: క్యాలెండర్ గడిలో పెద్దక్షరాల తిథి చూస్తారు, అది మధ్యాహ్నం 12కే ముగిసిపోయి ఉంటుంది.

పానగల్లు_వాసి
చెర్వుగట్టు గుడికి అమాస నిద్రకు (ఆ రాత్రి గుడి దగ్గర పండుకోవడానికి) పోయేటోళ్లకు కూడా ఇదే. రాత్రి అమాస ఉండే రోజు చూసుకోవాలె. పొద్దున గడిల అమాస అని ఉండి అది మధ్యాహ్నమే అయిపోతే, అమాస రాత్రి అంతకు ముందుదే.

సూర్యాపేట_తంగేడు
ఏకాదశి రెండు రోజులు ఎందుకు రాస్తారో కూడా చెప్పండి. మా వీధిలో సగం మంది ఒకరోజు, సగం మంది మరునాడు ఉపవాసం ఉంటారు.

పాలమూరు_పంచాంగం
స్మార్తులు సూర్యోదయానికి ఏకాదశి ఉందా అని చూస్తారు. వైష్ణవులు అరుణోదయానికి, అంటే సూర్యోదయానికి 4 గడియలు, 96 నిమిషాల ముందు, చూస్తారు. ఆ సమయంలో దశమి ఇంకా మిగిలి ఉంటే ఆ ఏకాదశి విద్ధ (దశమి తగిలి చెడినది), మరునాడే ఉపవాసం. సూర్యోదయం 6.00 అయితే హద్దు 4.24. దశమి 4.10కి ముగిస్తే ఇద్దరికీ ఒకే రోజు, 4.50కి ముగిస్తే రెండు రోజులు. రెండూ సరైనవే, ఇంటి సంప్రదాయం ఏదో అదే పాటించాలి.

సూర్యాపేట_తంగేడు
ధన్యవాదాలు. దీని పక్కనే బతుకమ్మ లెక్క పెడతాను, ప్రతి ఏడూ జరిగే వాదన. మొదటి రోజు ఎంగిలిపూలు భాద్రపద అమావాస్య, మన పెత్రమాస నాడు. చివరి రోజు సద్దులు ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాడు. అమావాస్య నుంచి అష్టమి దాకా తిథులు తొమ్మిది, కానీ రోజులు ఎప్పుడూ తొమ్మిదే ఉండాలని లేదు. మధ్యలో ఒక తిథి క్షయమైతే ఎనిమిది రోజులకే అష్టమి వస్తుంది, వృద్ధి అయితే పదో రోజుకు పోతుంది. "తొమ్మిది రోజులు ఆడాలె" అని వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లు ఒక దారి, "సాయంత్రం అష్టమి ఉండాలె" అనేవాళ్లు ఇంకో దారి పడతారు. నా మట్టుకు సద్దులకు తిథే ముఖ్యం. ఊరంతా ఒక్క రోజు ఆడటం అంతకన్నా ముఖ్యం కాబట్టి గుడి దగ్గర ముందే తేల్చుకోవాలి.

2020లో ఇంకా చిక్కు. పెత్రమాస సెప్టెంబర్ 17. మరునాటి నుంచి అధిక ఆశ్వయుజం, నిజ ఆశ్వయుజం అక్టోబర్ 17న మొదలు. ఎంగిలిపూలకు, మిగతా బతుకమ్మకు మధ్య నెల అడ్డం వచ్చింది.

మన్ననూరు_మల్లన్న
అధిక మాసం ఎప్పుడొస్తదో ముందే ఎట్ల తెలుస్తది? ఈసారి జ్యేష్ఠం రెండొచ్చినయి. నాకు కార్తెలతోనే పని, నెలలతోని అయోమయం.

లెక్కల_సార్_వనపర్తి
మన నెల అమావాస్య మరునాడు మొదలై అమావాస్యతో ముగుస్తుంది, సుమారు 29½ రోజులు. పన్నెండు నెలలకు 354 రోజులు. సౌర సంవత్సరం 365 పైన. ఏటా 11 రోజుల లోటు. ఆ లోటు పేరుకుని 32, 33 నెలలకు ఒక నెల అవుతుంది. 19 ఏళ్లలో 7 అధిక మాసాలు.

ఏ నెల అధికమో తేల్చేది సంక్రమణం. రెండు అమావాస్యల మధ్య సూర్యుడు ఒక్కసారి కూడా రాశి మారకపోతే ఆ నెల అధికం. 2026లో వృషభ సంక్రమణం మే 15న అయిపోయింది. అమావాస్య మే 16 రాత్రి ముగిసి, 17 నుంచి కొత్త నెల. తర్వాతి అమావాస్య జూన్ 15 ఉ. 8.24కి ముగుస్తుంది, మిథున సంక్రమణం అదే రోజు మధ్యాహ్నం. కొద్ది గంటల తేడాతో ఆ నెలలో సంక్రమణం పడలేదు. అందుకని మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఒకే నెలలో రెండు సంక్రమణాలు పడితే క్షయ మాసం, అది చాలా అరుదు, 1982–83లో వచ్చింది.

మల్లన్నా, మీ కార్తె మాత్రం కదలదు. కార్తె అంటే సూర్యుడు ఉన్న నక్షత్రం, చంద్రునిది కాదు.

మన్ననూరు_మల్లన్న
అదే చెప్పబోతున్న. రోహిణి కార్తె మే 25, మృగశిర జూన్ 8, ఆరుద్ర జూన్ 22. ఏటా ఒక రోజు అటు ఇటు తప్ప మారవు. జూన్‌ల సూర్యుడు నిదానం, ఒక కార్తె 14 రోజులు నడుస్తది. జనవరిల జోరు, 13 రోజులే. ఏరువాక పున్నం జ్యేష్ఠ పున్నం కాబట్టి జరుగుతనే ఉంటది. 2025ల జూన్ 11, 2026ల అధికం దాటి జూన్ 29. ఏరువాక వచ్చేదాక ఆగి విత్తనం పెడదామంటే ఆరుద్ర సగం పోతది. పూజ ఏరువాక నాడు చెయ్యాలె, దుక్కి విత్తనం కార్తె చూసి, అంతకంటే ముఖ్యంగా నేల తడి చూసి చెయ్యాలె. జానెడు లోతు తడవకుండ పత్తి గింజ పెడితే ఏ ముహూర్తమూ మొలిపించది.

దేవరకొండ_గడియ
సిద్ధాంతం, దృక్కు అని పంతులుగారు ఒక మాట అని వదిలిపెట్టిన్రు. తిథి గంటల కొద్దీ తేడా వచ్చేది అక్కడనే కదా?

పాలమూరు_పంచాంగం
అవును. పాత పద్ధతిలో చంద్రునికి చేసే సంస్కారాలు (లెక్కలో దిద్దుబాట్లు) తక్కువ. అందులో తిథి "బాణవృద్ధి రసక్షయం": 60 గడియలకు 5 పెరగవచ్చు, 6 తగ్గవచ్చు, అంటే 65 నుంచి 54 మధ్యనే. ఆకాశంలో కొలిస్తే 67 దాకా పెరుగుతుంది, 50 దాకా తగ్గుతుంది. అందుకే అష్టమి చుట్టుపక్కల రెండు పద్ధతుల తిథులకు గంటల తేడా వస్తుంది. అమావాస్య, పున్నమి దగ్గర తేడా చిన్నది. గ్రహణం ఆకాశంలో పట్టిన సమయానికే స్నానం చేస్తాం కాబట్టి దృగ్గణితమే సరైనదని నా నిశ్చయం. ఏ పంచాంగమైనా సరే, ఒక శుభకార్యానికి ఒక్కటే పట్టుకోవాలి. తిథి ఒకదాంట్లో, నక్షత్రం ఇంకోదాంట్లో, వర్జ్యం యాప్‌లో చూస్తే ఏదీ కుదరదు.

సూర్యాపేట_తంగేడు
కరణాలలో భద్ర (శుభపనులకు వదిలేసే కరణం) గురించి ఒక్క మాట, రాఖీకి పనికొస్తుంది. పున్నమి మొదటి సగం ఎప్పుడూ భద్రే. 2023లో పున్నమి ఆగస్టు 30 ఉ. 10.58కి వచ్చి 31 ఉ. 7.05కి పోయింది. నిడివి 20 గంటల 7 నిమిషాలు, సగం 10 గంటలు. అందుకే భద్ర రాత్రి 9.01 దాకా ఉండి పగలంతా రాఖీకి వేళ దొరకలేదు. శుక్ల చవితి రెండో సగం, అష్టమి మొదటి సగం, ఏకాదశి రెండో సగం, బహుళ తదియ రెండో సగం, సప్తమి మొదటి సగం, దశమి రెండో సగం, చతుర్దశి మొదటి సగం, ఇవి కూడా భద్రలే. తిథి మొదలు, చివర తెలిస్తే ఎవరైనా సగం చేసుకోవచ్చు.

మిర్యాలగూడ_సిరి
ఇంకొక్కటి అడుగుత. లగ్గం ముహూర్తం పెట్టేటప్పుడు అయ్యగారు ఏవో నాలుగు అంకెలు కూడి 9తో భాగిస్తరు. అదేంది?

దేవరకొండ_గడియ
పంచక రహితం, అంటే ఐదు దోషాలు లేని వేళ చూసే లెక్క. తిథి శుక్ల పాడ్యమి నుంచి, వారం ఆదివారం నుంచి, నక్షత్రం అశ్విని నుంచి, లగ్నం (ఆ వేళకు తూర్పున ఉదయించే రాశి) మేషం నుంచి లెక్కపెట్టి కూడాలె. 9తో భాగిస్తే శేషం 1 మృత్యు, 2 అగ్ని, 4 రాజ, 6 చోర, 8 రోగ పంచకం. 3, 5, 7, 0 మంచివి. శుక్ల ఏకాదశి 11, బుధవారం 4, హస్త 13, మిథున లగ్నం 3 కూడితే 31, శేషం 4, రాజ పంచకం. అదే రోజు కర్కాటక లగ్నానికి జరిపితే 32, శేషం 5, బాగుంటది. అందుకే అదే రోజు ముహూర్తం రెండు గంటలు జరుపుతరు. బహుళ పక్షంల తిథికి 15 కలపాలె, బహుళ విదియ 17. ఇది మరిచి 2 అని వేసేవాళ్లున్నరు.

తారాబలం వేరే: జన్మ నక్షత్రం నుంచి ఆ రోజు నక్షత్రం దాకా, జన్మ నక్షత్రాన్ని ఒకటిగా పట్టుకుని లెక్కపెట్టి 9తో భాగించాలె. 2, 4, 6, 8, 0 మంచివి. 3 విపత్తు, 5 ప్రత్యక్కు, 7 నైధనం వద్దు. పుష్యమివాళ్లకు హస్త ఆరోది, సాధన తార. జన్మ నక్షత్రం విడిచి పక్క నుంచి లెక్కపెడితే ఐదు వచ్చి మంచి రోజు చెడిపోతది.

పాలమూరు_పంచాంగం
ఇవన్నీ మూఢం లేనప్పుడే. గురువు సూర్యునికి 11 భాగల లోపల, శుక్రుడు 10 భాగల లోపల (వక్రగతిలో 8) ఉంటే మౌఢ్యం. శుక్రుడు సూర్యుని వెనుక నుంచి పోతే రెండు నెలలు దాటుతుంది, ముందు నుంచి పోతే పది రోజులలోపే. 2025 నవంబర్ చివర నుంచి 2026 ఫిబ్రవరి మధ్య దాకా లగ్గాలు ఆగిపోయింది మొదటి రకం వల్ల, అందులో మాఘమంతా పోయింది. 2026లో గురువు జూలై చివర సూర్యునితో కలుస్తాడు, ఆ మూఢం దాదాపు ఆషాఢంలోనే గడుస్తుంది.

మిర్యాలగూడ_సిరి
సార్ చెప్పినట్టు యాప్‌ల ఊరు మార్చిన. జూన్ 21 మిర్యాలగూడ సూర్యోదయం 5.40, అస్తమయం 6.47. రాహుకాలం 5.09 నుంచి 6.47. దుర్ముహూర్తం 14వ భాగం, 787ని 15తో భాగించి లెక్కేస్తే 5.02 నుంచి 5.55. యమగండం 12.13 నుంచి 1.52. గుళిక 3.30 నుంచి 5.09. సరిగ్గానే చేసిన్నా?

లెక్కల_సార్_వనపర్తి
నిమిషం తేడా లేకుండా చేశారు. సాయంత్రం 5.02 నుంచి 6.47 దాకా సందు లేదు. మధ్యాహ్నం 2.00 నుంచి 3.25 మధ్య పెట్టుకోండి. ఆ రోజు నక్షత్రం మొదలు, చివర సమయాలు పంచాంగంలో చూసి వర్జ్యం ఆ గంటన్నరలో పడుతుందేమో పైన పంతులుగారు చెప్పిన పద్ధతిలో వేసుకోండి. పడితే, దీపాలు పెట్టినంక రాత్రి 7.00 తర్వాత.

పానగల్లు_వాసి
ఆ 2.00 నుంచి 3.25ల లగ్నం మారే సమయం కూడా మిర్యాలగూడకే చూడున్రి. లగ్నం కూడా ఊరిని బట్టి జరుగుతది, భాగకు 4 నిమిషాల లెక్కనే.

మిర్యాలగూడ_సిరి
చూస్త. అయ్యగారికి ఈ అంకెలు రాసి చూపెట్టి 2.15కు ఖాయం చేయమంట.